పలుకని తెర



ఈ ప్రసంగమును వినుచున్నవారిలో కొందరు రేడియో మీట త్రిప్పి వినుచుందురు. మరికొందరు, ముఖ్యముగా సముద్రముల కావలనున్నవారు, కంప్యూటరులో బ్రౌజరు తెరచి, అందులో స్టేషను పేరు వెదకి, ముక్కోణపు ప్లే బటను నొక్కి వినుచుందురు. ఈ రెండవ తెగవారిలో ఒకరిద్దరైనను ఈ క్షణమున నా మాట వినబడక, తెర నడుమ గిరగిర తిరుగు చిన్న వలయమును చూచుచు కూర్చుండియుందురని నా అనుమానము. నేటి ప్రసంగము వారికొరకే. అది వారికి మాత్రము చేరదన్న సంగతి నాకు తెలియకపోలేదు.

బ్రౌజరునందు పాటగాని, ప్రసంగముగాని, సినిమాగాని ఆడకపోవుట యనునది పైకి ఒక్కటే లోపముగా కనబడును. గుంటూరులోని తండ్రిగారు డల్లాసులోని కుమారునికి ఫోనుచేసి, "అబ్బాయీ, రావడం లేదురా" అందురు. "ఏం కనిపిస్తోంది నాన్నగారూ? నల్లగా ఉందా, గుండ్రంగా తిరుగుతోందా?" అని అతడు. "ఏదీ రావడం లేదని చెబుతుంటే నీకు కాదూ!" అని ఆయన. సంభాషణము అంతటితో ముగియును. నిజమునకు కుమారుడడిగిన ప్రశ్నయందే సగము పరిష్కారము కలదు. వలయము ఎడతెగక తిరుగుచున్నచో, సమాచారము రావలసినంత వేగముగా వచ్చుటలేదని యర్థము. శబ్దము వినబడుచు బొమ్మ మాత్రము నల్లగా నున్నచో, సమాచారము వచ్చియే యున్నది. దానిని బొమ్మగా మార్చు శక్తి ఆ యంత్రమునకు చాలలేదు. బొమ్మ కదలుచు శబ్దము లేకున్నచో, చాలవరకు అది ఎక్కడనో నొక్కబడిన మ్యూటు బటను. అరుదుగా మాత్రమే లోతైన కారణము. ప్లే బటనును ఎన్నిసార్లు నొక్కినను ఉలుకుపలుకు లేకున్నచో, ఆ పేజీని నడపు ప్రోగ్రాములోని ఏదో భాగము బ్రౌజరు లోపలికి రానేలేదు; ప్రకటనలను అడ్డగించుటకు మనమే పెట్టుకొన్న యాడ్ బ్లాకరు దానిని కూడ ప్రకటనయని భ్రమించి వాకిటనే ఆపివేసియుండవచ్చును. ఇక తెర మౌనము వీడి ఏదో ఒక వాక్యమును చూపినచో అది మన అదృష్టమనియే చెప్పవలెను. కాని ఆ వాక్యమును చదువక 'ఓకే' నొక్కివేయువారే పెక్కుమంది.

కాలువ చివర పొలముగల రైతు తన మడికి నీరు రానప్పుడు మడిలోనే నిలుచుండి ఆకాశమువైపు చూడడు. గట్టు పట్టుకొని పైకి నడచును. పిల్లకాలువలో తుంగ పేరుకొన్నదా, పైరైతు మడవ కట్టుకొన్నాడా, తూము తలుపు దింపియున్నదా, అసలు ఆనకట్ట దగ్గరనే నీరు వదలలేదా యని ఒక్కొక్క చోటనే చూచుకొనుచు పోవును. ధ్వనియు చిత్రమును మన వద్దకు వచ్చు మార్గము కూడ అట్టిదే. ఎక్కడనో ఒక సర్వరునందు ఫైలుగా నున్నది అంతర్జాలము మీదుగా మన ఊరి కంపెనీవారి తీగలోనికి వచ్చి, ఇంటి రౌటరును దాటి, బ్రౌజరులో ప్రవేశించి, అక్కడ కోడెక్ అను ప్రోగ్రాముచే విప్పబడి, గ్రాఫిక్స్ చిప్పు ద్వారమున తెరమీదికిని, సౌండు కార్డు ద్వారమున స్పీకరులోనికిని పోవలెను. ఈ మజిలీలలో ఏ ఒక్కటి తప్పినను మన నోట వచ్చునది 'రావడం లేదు' అను ఆ ఒక్క మాటయే. కావున ప్రవాహము ఏ మజిలీలో ఆగినదో ముందు తేల్చుకొని, పిమ్మట చేయి వేయవలెను. ఈ క్రమమును విడిచి, బ్రౌజరును తీసివేసి మరల వేయుట, ఉన్న కుకీలనెల్ల తుడిచివేసి బ్యాంకు మొదలు రైల్వే వరకు అన్ని పాస్‌వర్డులను మరల వెదకికొనుట, తుదకు విండోసునే మార్చివేయుట మొదలైన సాహసములు చేసినవారికి కొన్నిసార్లు పాట వచ్చును. ఏల వచ్చినదో మాత్రము తెలియదు. కనుక మరుసటి నెలలో అది మరల ఆగినప్పుడు సాహసమును మరల మొదటినుండియే ఆరంభింతురు.

బ్రౌజరే స్వయముగా కారణము చెప్పరాదా యని మీరడుగవచ్చును. చెప్పును, కాని అది మితభాషి. వెబ్ పేజీల భాషయైన హెచ్.టి.ఎం.ఎల్. ప్రమాణమును రచించినవారు వీడియో ఆడకపోవుటకు గల లోపములన్నిటిని నాలుగు సంఖ్యలలో ఇమిడ్చిరి. ఒకటి యన్నచో, వినియోగించువాడే నడుమ ఆపివేసెనని. రెండన్నచో, ఫైలు దొరికి కొంత వచ్చిన పిమ్మట నెట్‌వర్కు తెగినదని. మూడన్నచో, ఫైలు చేరినది గాని దానిని విప్పుటలో దోషము కలిగినదని. నాలుగన్నచో, చూపిన మూలము తగినది కాదని. ఈ నాలుగవదియే మాయలమారి. ఫైలు సర్వరులో అసలే లేకపోయినను నాలుగే. అనుమతి నిరాకరింపబడినను నాలుగే. ఫైలు ఉండియు దాని రూపము బ్రౌజరునకు తెలియకపోయినను నాలుగే. "ఈ ఫార్మాటు సపోర్టు చేయదు" అని తెర చెప్పినప్పుడు దానిని అక్షరాల నమ్మి, ఫార్మాటులు మార్చు ప్రోగ్రాములకై పరుగులు తీయువారు కలరు. తీరా చూచిన, జరిగినదెల్ల ఆ పాటను యజమాని ఎన్నడో తొలగించుటయే.

కొంచెము కుతూహలము గలవారికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము దొరకును. కీబోర్డు పైవరుసలోని ఎఫ్12 మీట నొక్కినచో, పెక్కు బ్రౌజర్లలో డెవలపర్ టూల్స్ అను భాగము తెరచుకొనును. అందు నెట్‌వర్క్ అను శీర్షిక క్రింద, బ్రౌజరు ఏయే ఫైలు నడిగెనో, సర్వరు ఏమి బదులిచ్చెనో వరుసగా కనబడును. 404 అన్నచో ఆ ఫైలు లేదు. 403 అన్నచో, సర్వరు మీ మాట విన్నది గాని ఇచ్చుటకు ఒప్పుకొనలేదు. 206 అన్నచో, అడిగినంత తునకను పంపినదని; ఇది శుభవార్త. చూడగానే భయము గొలుపు స్థలమే గాని, ఊరక చూచినంతమాత్రమున అక్కడ ఏదియు చెడిపోదు.

అంత దూరము పోనక్కరలేకయే, ఇంటిలోని ఎవరైనను చేయదగిన పరీక్షలు కలవు. మొదట, అదే బ్రౌజరులో మరియొక చోటి వీడియోను ఆడించి చూడుడు. అది ఆడినచో మీ నెట్టు, మీ స్పీకరు, మీ యంత్రము చాలవరకు నిర్దోషులు. పిదప, ఆడని ఆ పేజీనే ప్రైవేటు విండోలో, అనగా క్రోమువారు ఇన్‌కాగ్నిటో అనుదానిలో, తెరచి చూడుడు. అందులోనికి పాత కుకీలు రావు. మనము ప్రత్యేకముగా అనుమతించిననే తప్ప యాడ్ బ్లాకరు వంటి ఎక్స్‌టెన్షనులును రావు. అక్కడ ఆడినచో దోషి చాలవరకు ఆ రెండింటిలో ఒకటి. అప్పుడు యాడ్ బ్లాకరును ఆ ఒక్క సైటు మట్టుకు ఆపిన చాలును, లేదా ఆ ఒక్క సైటు కుకీలను తుడిచిన చాలును. ఊరందరివి తుడువ బనిలేదు. పిమ్మట మరియొక బ్రౌజరు. కడపట, ఇంటి వైఫైని వదలి ఫోనులోని హాట్‌స్పాటుతో ఒక నిమిషము. హాట్‌స్పాటుతో వచ్చి వైఫైతో రాకున్నచో, లోపము రౌటరుదో, నెట్టు కంపెనీవారిదో, ఆఫీసు అయినచో అక్కడి ఫైర్‌వాలుదో. బ్రౌజరును ఎంత కదిపినను ప్రయోజనము లేదు. ఈ పరీక్షలన్నిటిలోను నియమమొక్కటే: ఒక్కసారికి ఒక్కటి మాత్రమే మార్చవలెను. రెండు కలిపి మార్చినవారు, పాట వచ్చిన పిమ్మట కూడ, ఏది మేలు చేసెనో చెప్పలేరు.

ఇక్కడ ఒక చిన్న సంగతిని చెప్పక విడువలేను. పాత కంప్యూటరులలో లోపలి గడియారమును నడపు బిళ్ల బ్యాటరీ అయిపోయినప్పుడు, యంత్రము తెరచిన ప్రతిసారియు తేదీ ఎన్నో ఏండ్లు వెనుకకు పోవును. సురక్షితమైన సైటులన్నియు సర్టిఫికెట్టు చూపి తమ గుర్తింపును నిరూపించుకొనును. ఆ సర్టిఫికెట్టునకు ఫలానా తేదీనుండి ఫలానా తేదీవరకు అని గడువు ఉండును. గడియారము వెనుకబడిన యంత్రమునకు అవి ఇంకను పుట్టనట్లే తోచును. కనుక దేనిని నమ్మదు, ఏదియు ఆడదు. గంటలకొలది బ్రౌజరుతో పెనగులాడు ముందు, తెర మూలనున్న తేదీని ఒకసారి చూచుట మంచిది.

ఇంత చిక్కు ఏల వచ్చినదో తెలియవలెనన్న కొంచెము వెనుకకు పోవలెను. వెబ్ పేజీ మొదట చదువుటకు పుట్టినది, వినుటకు కాదు. 1995లో అమెరికాలోని సియాటిల్ నగరమునందు ప్రోగ్రెసివ్ నెట్‌వర్క్స్ అను సంస్థ రియల్‌ఆడియోను వెలువరించి, ఫైలు మొత్తము దిగువరకు వేచియుండక, వచ్చుచుండగనే వినుటకు మార్గము చూపెను. ఆ సెప్టెంబరులోనే ఒక బేస్‌బాల్ ఆట వ్యాఖ్యానమును ప్రత్యక్షముగా ప్రసారము చేసెను. ఆ దశాబ్దములో అమెరికా చేరిన మన యువకులు ఎందరో ఫోను తీగకు తగిలించిన మోడెముతో ఘంటసాలవారి పాటలను విన్నది ఆ సంస్థవారి రియల్‌ప్లేయరులోనే. ధ్వని నాణ్యము అంతంతమాత్రము. నడుమ నడుమ ఆగెడిది. అయినను అర్ధరాత్రి వరకు వినువారు. ఆనాటి అభిమానులు నడపిన పాటల పేజీలు కొన్ని నేటికిని ఎవరో ఒకరి వద్ద భద్రముగా నున్నవి, కాని వానిలోని పాటలు పలుకవు. కారణము విచారకరమైనది. ఆ పేజీలోని లంకె నొక్కినప్పుడు దిగెడి ఆర్.ఎ.ఎం. ఫైలులో పాట ఉండదు. అసలు పాట ఏ సర్వరులో నున్నదో తెలుపు చిరునామా ఒక్క పంక్తిలో ఉండును. అట్టి ఫైలులను వందలకొలది సేకరించి పాటలు దాచుకొన్నామని తృప్తిపడినవారు దాచుకొన్నవి చిరునామాలను మాత్రమే. ఆ చిరునామాలలోని సర్వర్లు ఎన్నడో మూతపడినవి. పాటయే లోపలనున్న అసలైన ఆర్.ఎం. ఫైలు చేతనున్నవారు అదృష్టవంతులు, వి.ఎల్.సి. వంటి ప్లేయరు దానిని సాధారణముగా నేటికిని పలికించును.

రియల్‌ప్లేయరు తరువాత క్విక్‌టైము, విండోస్ మీడియా, వాని తరువాత ఫ్లాష్. ఇవన్నియు బ్రౌజరులో పుట్టినవి కావు; బయటనుండి తెచ్చి అతికించిన ప్లగిన్లు. 2005లో యూట్యూబు పుట్టినది ఫ్లాష్ మీదనే. వెబ్ పేజీ భాషయందే వీడియోకు చోటు కల్పింపవలెనని 2007లో నార్వేకు చెందిన ఒపేరా బ్రౌజరువారు ప్రతిపాదించిరి. 2010 ఏప్రిలులో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్, తమ ఫోనులో ఫ్లాష్‌కు తావులేదని బహిరంగలేఖ వ్రాసెను. 2014 అక్టోబరులో హెచ్.టి.ఎం.ఎల్.5 ప్రమాణమునకు తుది ఆమోదము లభించెను. 2015 జనవరిలో యూట్యూబు దానినే తన సాధారణ పద్ధతిగా గ్రహించెను. ఫ్లాష్‌ను 2020 డిసెంబరు 31తో ముగింతుమని అడోబీవారు మూడేండ్ల ముందుగనే ప్రకటించి, మాట నిలుపుకొనిరి. 2021 జనవరి 12 నుండి ఆ ప్లేయరే తనలో ఆడవలసినవానిని ఆడనీయక నిలిపివేసెను. దానిలోని భద్రతా లోపములను తలచినచో ఆ నిర్ణయము తప్పని నేననను. అయినను పాత సైటులకు వెళ్లిన నేటికిని "ఫ్లాష్ ప్లేయరు ఇన్‌స్టాల్ చేయండి" అను పలుకరింపు ఎదురగుచుండును. దానిని చేయుట ఇప్పుడు అసాధ్యము. అంతకంటె ముఖ్యమైన మాట: ఎచ్చటనైనను "మీ ప్లేయరు పాతబడినది, ఇక్కడ నొక్కి అప్‌డేటు చేసికొనుడు" అని ఎర్రని అక్షరములతో ఒక గవాక్షము లేచినచో, అది వంచన. దానిని నొక్కినవారికి వీడియో రాదు, వైరసు వచ్చును. దానితోపాటు ఒక ఫోను నంబరు కూడ కనబడి, సహాయమునకు పిలువుమని చెప్పినచో, ఆ ట్యాబును మూసివేయుటయే సహాయము. ఫ్లాష్ నాటి ఆటలు, బొమ్మలు చూడగోరువారికి రఫుల్ అను స్వేచ్ఛా ప్రోగ్రాము కలదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారు 2020 నవంబరునుండి దాని సాయముననే పాత ఫ్లాష్ కృతులను తమ పేజీలలో ఆడించుచున్నారు.

ప్లగిన్లు పోయినవి గనుక పేచీలు పోయినవనుకొనరాదు. అవి కోడెక్కులలోనికి చేరినవి. వీడియో ఫైలు పేరు చివర ఎం.పి.4 అని యున్నంతమాత్రమున లోపలి సరకు తెలియదు. ఎం.పి.4 అనునది పైపొర. దానిలో బొమ్మ ఒక పద్ధతిలోను, ధ్వని మరియొక పద్ధతిలోను కుదింపబడియుండును. బొమ్మ 2003లో వెలువడిన హెచ్.264 పద్ధతిలో నున్నచో నేటి బ్రౌజరులన్నియు దాదాపుగా ఆడించును. కాని ఆ పద్ధతిపై పెక్కు కంపెనీలకు పేటెంటు హక్కులు గలవు, రుసుము చెల్లింపవలెను. అది గిట్టనివారు ఉచితమైన మార్గములను వెదకిరి. గూగులు 2010లో ఆన్2 అను సంస్థను కొని, దాని వి.పి.8ను వెబ్ఎం పేరుతో ఉచితముగా విడుదల చేసెను, పిమ్మట వి.పి.9, ఆ తరువాత 2018లో పలు సంస్థలు కలిసి రూపొందించిన ఎ.వి.1. మరియొక వైపున హెచ్.264కు వారసునిగా 2013లో హెచ్.ఇ.వి.సి. వచ్చెను, దాని హక్కుల లెక్కలు మరింత గజిబిజి, కనుక బ్రౌజర్లవారు చాలకాలము దూరముగానే నిలిచిరి. ఈ వ్యాజ్యములతో మనకేమి పని యందురా? 2017 తరువాతి ఐఫోనులు మామూలుగా వీడియో తీయునది హెచ్.ఇ.వి.సి.లోనే. మేనల్లుని పెండ్లిని ఒకరు తమ ఫోనులో తీసి, ఆ ఫైలును ఉన్నదున్నట్లు పంపగా, ఇక్కడ పాత కంప్యూటరు బ్రౌజరులో తెరచిన మేనత్తగారికి సన్నాయి వినబడుచుండును, పెండ్లికొడుకు కనబడడు. నెట్టు మంచిదే, స్పీకరు మంచిదే, ఆమె చేసిన దోషమేమియు లేదు. తీయువారు ముందుగనే ఫోను కెమెరా సెట్టింగులలో ఫార్మాట్స్ అనుచోట 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకొనియుండిన ఈ అవస్థ లేకపోయెడిది. ఇప్పుడైనను హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత ప్రోగ్రాముతో హెచ్.264కు మార్చి పంపవచ్చును.

దీనికి విలోమముగా, సినిమా ఫైలులలో బొమ్మ చక్కగా కదలుచు ధ్వని లేకుండుటయు కద్దు. డాల్బీవారి ఎ.సి.3 పద్ధతిలో ధ్వని గల ఫైలును క్రోములో తెరచినచో జరుగునది ఇదే. పెద్ద తెరకై చేసిన ధ్వనిని విప్పు అనుమతి ఆ బ్రౌజరునకు లేదు, వి.ఎల్.సి.లో అదే ఫైలు నిక్షేపముగా పలుకును.

కొన్ని వీడియోలు ఆడును గాని, ఫైలు మొత్తము దిగిన పిమ్మటనే ఆరంభమగును. ఎం.పి.4 ఫైలులో, ఏ క్షణపు బొమ్మ ఎక్కడ నున్నదో తెలుపు అనుక్రమణిక ఒకటి ఉండును. రికార్డు చేయు ప్రోగ్రాములు సాధారణముగా పని అంతయు ముగిసిన పిమ్మట దానిని చిట్టచివర వ్రాయును. వెబ్‌లో పెట్టువారు దానిని ముందునకు మార్చి పెట్టవలెను. ఆ మార్పునకు పట్టునది ఒక క్షణము. ఆ పని మరచినచో, సర్వరు తునకలుగా పంపుటకు కూడ నిరాకరించునదైనచో, చూచువాడు కడదాక వలయమునే చూచుచుండవలెను. ఆపిల్‌వారి సఫారీ బ్రౌజరైనచో, తునకలుగా పంపలేని సర్వరునుండి వచ్చు వీడియోను అసలు ఆడించుటకే మొరాయించును. తమ సంఘపు సభల వీడియోలను సొంత సైటులలో పెట్టు సాహితీమిత్రులు ఈ రెండు సంగతులను గమనింపవలెనని నా మనవి. శ్రోతలు మీ ఉపన్యాసము నచ్చక వెళ్లిపోయిరని మీరనుకొనుచుందురు. పాపము, అది వారికి ఆరంభమే కాలేదు.

బొమ్మ స్థానమున పచ్చని పూత గాని, ముక్కలుముక్కలైన చారలు గాని కనబడినచో, కుదించిన బొమ్మను విప్పు పనిని బ్రౌజరు గ్రాఫిక్స్ చిప్పునకు అప్పగించి మోసపోయినదని గ్రహింపవలెను. సెట్టింగులలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అనుదానిని ఆపి, బ్రౌజరును మూసి తెరచి చూడుడు. సరిపడినచో గ్రాఫిక్స్ డ్రైవరును అప్‌డేటు చేసి మరల దానిని పెట్టుకొనవచ్చును. ఆపియే ఉంచినచో ల్యాప్‌టాపు వేడెక్కును, ఫ్యాను గోలపెట్టును.

ఇక రేడియో సంగతి. అంతర్జాల రేడియోలలో చాలవానికి వెనుక షౌట్‌కాస్ట్, ఐస్‌కాస్ట్ అను సర్వర్లుండును. ఇవి వెనుకటి రోజులలో పుట్టినవి, చిరునామా హెచ్.టి.టి.పి. అని ఆరంభమై, చివర 8000 వంటి పోర్టు సంఖ్యతో నుండుట పరిపాటి. నేటి పేజీలు దాదాపుగా అన్నియు సురక్షితమైన హెచ్.టి.టి.పి.ఎస్. లోనికి మారినవి. సురక్షితమైన పేజీలో అసురక్షితమైన ధ్వనిని కలుపుటకు బ్రౌజరులు ఇష్టపడవు. 2020లో వచ్చిన క్రోము 80వ సంచిక మొదలుకొని, అట్టి ధ్వనిని తనంత తానే సురక్షిత చిరునామాలో వెదకి, దొరకనిచో ఆపివేయును. స్టేషను నడచుచునే యుండును, సర్వరు పంపుచునే యుండును, వినువానికి మాత్రము నిశ్శబ్దము. నిన్నటివరకు చక్కగా వచ్చిన చిన్న రేడియోలు ఒక్క బ్రౌజరు అప్‌డేటుతో మూగవోయినవన్న ఫిర్యాదులలో కొన్నింటికి మూలమిది. దీనిని తేల్చుటకు చక్కని ఉపాయము, స్టేషను వారి స్ట్రీము చిరునామాను వి.ఎల్.సి.లో 'ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్' అనుచోట అతికించి చూచుట. 1996లో పారిస్‌ సమీపములోని ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు ఆరంభించిన పథకమునుండి వచ్చిన ఈ ప్లేయరు బ్రౌజరు నియమములకు కట్టుబడదు. అక్కడ పలికినచో స్టేషను బ్రతికియున్నది, పేజీలోనే లోపము. అక్కడను పలుకనిచో, ఆ రోజుకు వేరొక స్టేషను చూచుకొనవలసినదే. ఆఫీసులలోనైనచో 8000 పోర్టును ఫైర్‌వాలు మూసివేయుట సర్వసాధారణము. వేగమును గురించి మాత్రము రేడియో శ్రోతలు దిగులుపడనక్కరలేదు. సెకనుకు 128 కిలోబిట్ల ధ్వని గంటసేపు వినినను 58 మెగాబైట్లకు మించి ఖర్చుకాదు. సన్నని తీగలోనుండి కూడ రేడియో వచ్చును. రాకున్న వేరు కారణము వెదకుడు.

ధ్వని లేని వీడియోలను గురించి ఇందాక చెప్పుచు మ్యూటు బటను మాట యెత్తితిని. తెరచిన పేజీ అనుమతి లేకయే కేకలు వేయుట మాన్పుటకై, 2018 ఏప్రిలులోని 66వ సంచికనుండి క్రోమును, మరుసటి యేడు ఫైర్‌ఫాక్సును, శబ్దముతో తనంత తానే ఆరంభమగు వీడియోలను అడ్డగించినవి. మంచి పనియే. దాని ఫలముగా పెక్కు పేజీలలో వీడియో మూగగా ఆరంభమగును. శబ్దమునకై మనము ఒకసారి నొక్కవలెను. ఇదిగాక ట్యాబు మీద మౌసు కుడిమీట నొక్కినప్పుడు వచ్చు 'మ్యూట్ సైట్', విండోసులోని వాల్యూమ్ మిక్సర్ అను రెండు రహస్య స్థానములు కలవు. ఇవన్నియు సరిగా నుండియు ధ్వని లేకున్నచో, పక్కగదిలో మనుమరాలు మంచముపై వదలిన బ్లూటూత్ ఇయర్‌ఫోనులలో మీ వార్తలు వినబడుచున్నవేమో చూడుడు.

డబ్బు చెల్లించి చూచు సినిమాలు, క్రికెట్టు ఆటలు వేరు జాతి. వానికి డి.ఆర్.ఎం. అను తాళము వేసి పంపుదురు. తాళము తెరచు యంత్రాంగము బ్రౌజరులోనే యుండును. దీనికి సంబంధించిన ప్రమాణమును వెబ్ ప్రమాణముల సంస్థ 2017 సెప్టెంబరులో తీవ్రమైన వాదోపవాదముల నడుమ ఆమోదించెను. ఫైర్‌ఫాక్సులో సెట్టింగులలోని డి.ఆర్.ఎం. అను గడిలో టిక్కు లేకున్నచో ఇట్టివి ఆడవు. పాత ప్రొజెక్టరునకు తీగ తగిలించినప్పుడు ల్యాప్‌టాపులో వచ్చు సినిమా గోడమీద నల్లగా నుండుటకు కారణము సాధారణముగా ఈ తాళమే. ఆ ప్రొజెక్టరును అది నమ్మదు. "మీ దేశములో లభ్యము కాదు" అన్న వాక్యము వచ్చినచో అది లోపము కాదు, ఒప్పందము. దానిని ఏ మీటయు మార్చదు.

పాత యంత్రములనుగూర్చి ఒక్క మాట. విండోస్ 7 మీద క్రోము 2023 ఆరంభములో వచ్చిన 109వ సంచికతోనే నిలిచిపోయినది. అట్టి బ్రౌజరునకు కొత్త సైటుల భాష క్రమక్రమముగా అర్థము కాకుండును. మంచి స్థితిలోనున్న యంత్రమును పారవేయుమని చెప్పుటకు నాకు నోరు రాదు. లినక్సు వేసికొని వాడుచున్నవారు పెక్కుమంది కలరు. అయితే వారును గుర్తుంచుకొనవలసినదొకటి: క్రోముకును, దాని మూలరూపమైన క్రోమియమ్‌నకును పేరు దగ్గర గాని, కొన్ని క్రోమియమ్‌లలో హెచ్.264 కోడెక్కు ఉండదు.

ఈ పరీక్షలన్నియు నడచి, అన్ని బ్రౌజర్లలోను, అన్ని నెట్‌వర్కులలోను అదే మౌనము నిలిచియున్నచో, ఆగినది పంపువారివైపుననే. అప్పుడు వారికి వ్రాయవలెను. "మీ రేడియో రావడం లేదు" అని వ్రాసిన ఉత్తరమును చదివిన ఇంజనీరు తన గదిలోని కంప్యూటరులో తెరచి చూచును. అక్కడ బాగుగనే వచ్చును. ఉత్తరమును పక్కన పెట్టును. ఆయనకు కావలసినవి వేరు. ఏ తేదీన, మీ ఊరి కాలమానము ప్రకారము ఏ గంటకు ఆగినది, బ్రౌజరు పేరేమి, సంచిక సంఖ్య ఎంత, ఇంటి వైఫైయా, ఫోనా, తెరమీద వచ్చిన వాక్యము అక్షరము పొల్లుపోకుండ ఏమి, వి.ఎల్.సి.లో పలికినదా లేదా. ఒక పోస్టుకార్డులో పట్టునంత సమాచారము ఇది. అది చేరిన మధ్యాహ్నమే, సర్వరు సర్టిఫికెట్టునకు మొన్ననే గడువు తీరినదని ఆ స్టేషనులో ఎవరో ఒకరు కనిపెట్టుదురు.